అర్జీ నుండి ప్రశ్న వరకు

అర్జీ యనునది ఒకటి, ప్రశ్న యనునది వేరొకటి. రెండింటియందును అడుగువాడొకడు, వినువాడొకడు కలరు. అర్జీదారునకు బదులు వచ్చిన నది ప్రభువుల దయ. రాకున్న అతని ప్రాప్తము. ప్రశ్న యట్టిది గాదు. సభలో సభ్యుడు లేచి అడిగినపుడు మంత్రి లేచి చెప్పవలసినదే. చెప్పనని యనినను, ఆ చెప్పకపోవుట నలుగురు చూచుచుండగా జరుగవలెను. నల్లగొండ, పాలమూరు జిల్లాల ప్రజలు మొదటిదాని నుండి రెండవదానికి ఎట్లు చేరిరో, చేరిన పిదప వారికి దక్కినదేమో, దక్కనిదేమో శ్రోతలకు మనవి చేయుటయే ఈ ప్రసంగము నుద్దేశము.

మంత్రులను ప్రశ్నించు ఆచారము ఇంగ్లండులో పుట్టినది. 1721 ఫిబ్రవరిలో ప్రభువుల సభయందు కౌపరు ప్రభువు ఒక ప్రశ్న వేసెను. దక్షిణ సముద్రపు కంపెనీ యను వర్తక సంఘము పెక్కుమంది సొమ్మును ముంచి కూలినది. దాని కోశాధికారి దేశము విడిచి పారిపోయెను. అతడు బ్రస్సెల్సులో పట్టుపడెనని వచ్చిన వార్త నిజమేనా యని ప్రశ్న. సండర్లండు ప్రభువు సమాధానము చెప్పెను. తెలిసినంతలో పార్లమెంటున మంత్రికి వేసిన మొదటి ప్రశ్న ఇదియేనని చరిత్రకారులు చెప్పుదురు. మొదటి ప్రశ్నయే వర్తకమును గూర్చినదగుట గమనింపదగినది. సొమ్మున్నచోట సందేహమును, సందేహమున్నచోట ప్రశ్నయు పుట్టుచుండును.

మన దేశమున బ్రిటిషు ఏలుబడిలోని ప్రాంతములందు 1892 నాటి చట్టముచే శాసన మండలుల సభ్యులకు ప్రశ్నలడుగు హక్కు వచ్చినది. కాని సమాధానముపై మరల ప్రశ్నించుటకు వీలులేదు. 1909లో, మొదట అడిగిన సభ్యునకు మాత్రము అనుబంధ ప్రశ్న వేయు వీలు కలిగినది. ఈ అనుబంధ ప్రశ్నయే అసలు బలము. మొదటి సమాధానమును గుమాస్తాలు వ్రాసి యిత్తురు. రెండవదానిని మంత్రి తన నోటితో తాను చెప్పవలెను.

ఈ హక్కులు హైదరాబాదు రాజ్యపు సరిహద్దుకడనే ఆగిపోయినవి. నల్లగొండ రైతునకు, పాలమూరు కూలికి మిగిలినది అర్జీ యొక్కటే. అదియు ఉర్దూలో నుండవలెను. రైతు మాటలాడునది తెలుగు. తన బాధ తాను చదువజాలని భాషలో, తానెరుగని చేతివ్రాతతో, తాను పోజాలని కచ్చేరికి పోవుచుండెడిది. రాజ్యపు ఎల్లలలో వచ్చుపోవు సరకుపై కరోడ్‌గిరి శాఖవారు సుంకము వసూలు చేయుచుండిరి. ఆ సుంకమేల, ఆ సొమ్ము దేనికి వెచ్చించిరి యని అడుగుటకు ప్రజలెన్నుకొన్న సభ లేదు.

సభ లేనిచోట పత్రిక సభయైనది. పాలమూరు జిల్లాకు చెందిన సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. వారి అధ్యక్షతననే 1930లో జోగిపేటయందు మొదటి ఆంధ్ర మహాసభ జరిగినది. మరుసటి యేడు నల్లగొండ జిల్లా దేవరకొండలో బూర్గుల రామకృష్ణరావుగారి అధ్యక్షతన రెండవ సభ. 1941లో అదే జిల్లా చిలుకూరులో రావి నారాయణరెడ్డిగారు అధ్యక్షులు. ఈ సభలు తీర్మానములు చేసినవి. తీర్మానమునకు సమాధానమియ్యవలెనను నిర్బంధము ప్రభుత్వమునకు లేదు. అడుగు నోరు సిద్ధమైనది గాని, వినక తప్పని చెవి యింకను ఏర్పడలేదు. వెట్టిచాకిరి మీదను, లెవీ ధాన్యము మీదను బదులు దొరకని ప్రశ్నలు పెరిగి పెరిగి నల్లగొండ పల్లెలలో సాయుధ పోరాటమైనవి.

1952లో ఆ చెవి యేర్పడినది. వయోజన వోటుతో 175 మంది సభ్యుల శాసనసభకు ఎన్నికలు జరిగినవి. బూర్గులవారు షాద్‌నగరు నుండి యెన్నికై ముఖ్యమంత్రియైరి. సురవరమువారు వనపర్తి సభ్యులైరి. నల్లగొండ జిల్లా మిక్కిలిగా ప్రజాస్వామ్య ఫ్రంటు వారిని పంపినది. వారిలో ఆలేరు నుండి ఆరుట్ల కమలాదేవిగారు, సూర్యాపేట నుండి బొమ్మగాని ధర్మభిక్షముగారు కలరు. కొలదికాలము క్రిందట అజ్ఞాతవాసములోనో కారాగారములోనో యుండినవారు సభలో కూర్చుండి మంత్రిని పేరుతో పిలిచి అడుగగలిగిరి. చెప్పువాడు పాలమూరు వాడు, అడుగువారు నల్లగొండ వారు! ఇరువురును ఒకనాడు ఆంధ్ర మహాసభ వేదికపై నిలిచి, బదులు రాని ప్రశ్నలు వేసినవారే.

లోక్‌సభకు నల్లగొండ నుండి రావి నారాయణరెడ్డిగారు మూడు లక్షలకు పైగా వోట్లతో గెలిచిరి. దేశమునందెల్ల అవియే అత్యధికములు. ప్రధానమంత్రి నెహ్రూగారికి సైతము అన్ని రాలేదు. అచ్చట వాణిజ్య పరిశ్రమల మంత్రి టి. టి. కృష్ణమాచారిగారు. పోచంపల్లి, గద్వాల, నారాయణపేటల మగ్గములకు నూలు చాలునా, మిల్లు బట్టల పోటీకి చేనేత నిలుచునా యను విషయములకు ఆ శాఖయే జవాబుదారి. 1953లో మిల్లు బట్టపై అదనపు సుంకము వేసి, ఆ సొమ్మును ఖద్దరు, చేనేతల యభివృద్ధికి వినియోగించుటకు చట్టమైనది. సుంకమేల, సొమ్మెక్కడికి పోవుచున్నది యను రెండు ప్రశ్నలకును ఆ చట్టమునందే బదులున్నది. కరోడ్‌గిరి నాటికిని దీనికిని గల భేదమిది.

అట్లని ప్రశ్నోత్తర సమయము సర్వరోగ నివారిణియని భ్రమపడరాదు. దానికి నల్లగొండ నీరే సాక్షి. ఆ జిల్లా భూగర్భ జలములో ఫ్లోరైడు అధికము. లీటరునకు ఒకటిన్నర మిల్లిగ్రాము మించిన నీరు ఏండ్లతరబడి త్రాగినచో పండ్లు గారపట్టును, ఎముకలు వంగును. మర్రిగూడెము, మునుగోడు ప్రాంతముల పల్లెలలో నడుము వంగిన యువకులను జనులు చూచిరి. నాగపూరులోని జాతీయ పరిశోధన సంస్థ వారు పటిక, సున్నము, బ్లీచింగు పొడితో నీటిని శుద్ధిచేయు విధానమును 1970ల దశాబ్దమున రూపొందించి, దానికి నల్లగొండ పద్ధతి యని పేరు పెట్టిరి. జిల్లా పేరు ప్రపంచమంతట వ్యాపించినది. జిల్లా పల్లెలకు మాత్రము మంచినీరు రాలేదు.

అపుడు ప్రజలొక విచిత్రమైన ప్రశ్న వేసిరి. 1996 లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ స్థానమునకు 480 మంది అభ్యర్థులు నిలిచిరి. వోటుపత్రము పత్రముగా నుండక పుస్తకమైనది. గెలుపు వారి కోరిక గాదు. తమ నీటి గోడు దేశము చెవిని పడవలెననుటయే కోరిక. గెలిచినవారు ధర్మభిక్షముగారు — 1952లో సూర్యాపేట నుండి సభకు పోయినవారే! ఆ సంవత్సరమే పార్లమెంటు చట్టమును సవరించి, సామాన్య అభ్యర్థి ధరావతును 500 రూపాయల నుండి 10,000 రూపాయలకు పెంచినది. గుర్తింపు పొందిన పార్టీలకు చెందని వారికి పదిమంది ప్రతిపాదకులు కావలెననినది. దేశమున అన్నిచోట్ల అభ్యర్థులు మితిమీరుటయు దానికి కారణమే. అయినను నీటికంటె ముందు ధరావతు పెరిగెనని నల్లగొండవాసి యనుకొన్నచో అతనిని తప్పుపట్టలేము.

ఇక సముద్రము దాటిన ప్రశ్నను గూర్చి చెప్పవలసియున్నది. 1999లో బ్రిటిషు ప్రభుత్వ ధనసహాయముతో ఆంధ్ర ప్రదేశ్ గ్రామీణ జీవనోపాధుల పథకము ఆరంభమైనది. అది అయిదు కరవు జిల్లాలకు ఉద్దేశింపబడినది: మహబూబ్‌నగరము, నల్లగొండ, అనంతపురము, కర్నూలు, ప్రకాశము. చెక్‌డ్యాములు, ఊటకుంటలు, గట్లు వేసి వాననీటిని నిలుపుట, భూమిలేని వారికి బ్రతుకుతెరువు చూపుట దాని పనులు. బొంబాయికి వలసపోవు పాలమూరు కూలికి ఊరిలోనే పని దొరకుట సామాన్యమైన మేలు గాదు. కాని ఆ సొమ్మునకు జవాబుదారి యెవరు? లండనులో అంతర్జాతీయాభివృద్ధి శాఖ మంత్రి క్లేర్ షార్టుగారు. ఆమెను ప్రశ్నించు హక్కు ఆ దేశపు కామన్సు సభ్యులకు గలదు. సొమ్ము వారి వోటర్లది గనుక అది న్యాయమే. అయితే, చెక్‌డ్యాము ఎవరి పొలము ప్రక్కన కట్టవలెనో దాని వలన బ్రతుకు మారువాడు ఆమె వోటరు గాడు.

2001లో మెదకు జిల్లా అల్గోలు గ్రామమున ఈ లోటును పూరింప నొక ప్రయత్నము జరిగినది. దానికి ప్రజాతీర్పు అని పేరు. చిన్న సన్నకారు రైతులు, వారిలోను అధికభాగము స్త్రీలు, న్యాయనిర్ణేతలుగా కూర్చుండి, రాష్ట్ర ప్రభుత్వపు విజన్ 2020 పత్రమును విచారించిరి. అధికారులును, శాస్త్రజ్ఞులును, కంపెనీల వారును సాక్షులైరి. వ్యవసాయముపై బ్రతుకువారి సంఖ్యను తగ్గింపవలెననుటను, ఒప్పంద సేద్యమును, జన్యుమార్పిడి పంటలను వారు నిరాకరించిరి. మన నేల, మన విత్తనము, మన తిండి మన చేతిలో నుండవలెననిరి. ఆ నివేదిక 2002లో లండను చేరి వివాదమైనది. విచారణ పద్ధతి సరియైనదా యని తర్కించినవారును కలరు. ఆ తర్కము నటుంచుదము. సహాయము పొందువారు సహాయమును గూర్చి ప్రశ్నింపవచ్చునను మాట నాడు పొలము నుండి పార్లమెంటు వరకు పోయినది. పిదప 2012లో, భారతదేశమునకు క్రొత్త ధనసహాయము ఇయ్యబోమని బ్రిటిషు ప్రభుత్వము ప్రకటించినది. ఆ నిర్ణయమును గూర్చియు మంత్రులు తమ సభకే సమాధానము చెప్పుకొనిరి. పాలమూరు గ్రామసభకు గాదు.

ఈ మూడు వృత్తాంతముల సారమొక్కటియే. మంత్రి యెవరి వోటుతో నిలుచునో వారికే లోబడి సమాధానమిచ్చును. సుంకమైనను, మగ్గమైనను, మంచినీరైనను, పరదేశపు ధనమైనను ప్రశ్నించువాడు లేనిచోట అది ప్రభువు చేతి దానము; ప్రశ్నించువాడున్నచోట అది ప్రజల హక్కు. నల్లగొండవారు 1952లో ఆ హక్కును పొందిరి. 1996లో, హక్కుండియు బదులు రాకపోవచ్చునని తెలిసికొనిరి. అపుడును వారు అర్జీకి మరలలేదు. ప్రశ్ననే మరింత బిగ్గరగా నడిగిరి.

మన పెద్దలు కచ్చేరి గుమ్మము బయట నిలిచి, లోపలి నుండి పిలుపు వచ్చునాయని ప్రొద్దు క్రుంకువరకు ఎదురుచూచినవారు. నేడు మంత్రి సమాధానమును పత్రికలో చదివి, ఇది చాలదని పెదవి విరుచుచున్నాము. ఆ పెదవి విరుపే మనము గడించిన సొత్తు. దానిని పోగొట్టుకొనకుండుటకు ఒక్కటే మార్గము: మన ప్రతినిధి ఏమి యడిగెనో మనము అతనిని అడుగుచుండుట.