కడుపుతో ఉందని ఎలా తెలిసేది?

ఈసారి కొంచెం చరిత్ర రాస్తున్నాను. ఒక ఆడమనిషి కడుపుతో ఉందని పూర్వం ఎలా తెలిసేది? ముందు ఎవరికి తెలిసేది? మొదటి ప్రశ్నకి జవాబు పుస్తకాల్లో దొరుకుతుంది. రెండో ప్రశ్న గురించి నేను ఎక్కువ ఆలోచించాను.

నాలాగే ఇంగ్లీషు మీడియంలో చదివి, ఇంట్లో చెవిన పడిన తెలుగుతో పెరిగిన వాళ్ళకోసం ముందు కొన్ని మాటలు. "నెల తప్పింది" అంటే నెలసరి రాలేదు అని. "నీళ్ళోసుకుంది" అంటే గర్భవతి అయింది. "నీళ్ళాడింది" అంటే బిడ్డని కన్నది. రెండు మాటల్లోనూ నీళ్ళే, కానీ మధ్యలో తొమ్మిది నెలలు ఉన్నాయి, జాగ్రత్త! "వట్టి మనిషి కాదు" అంటే ఆమెలో ఇంకో ప్రాణం ఉంది అని. పెద్దవాళ్ళు బరువు ఎత్తనివ్వకుండా ఈ మాట అంటారు. "వేవిళ్ళు" అంటే మొదటి నెలల్లో వచ్చే వికారం, వాంతులు.

ఈ మాటలన్నీ చుట్టూ ఉన్నవాళ్ళు చూసి చెప్పే మాటలు. పాత ఇళ్ళలో నెలసరి వచ్చిన ఆడవాళ్ళు మూడు రోజులు విడిగా కూర్చునేవారు. దాన్ని "బయట ఉంది" అనేవారు. అంటే ఎవరికి నెల వచ్చిందో, ఎవరికి తప్పిందో ఇంట్లో అందరికీ తెలిసిపోయేది. దాచుకోవడానికి వీలు లేదు. కొత్త కోడలు ఆ నెల బయట కూర్చోకపోతే అత్తగారు వేళ్ళ మీద లెక్క పెట్టేది.

మా అమ్మ కథ కూడా ఇలాంటిదే. డర్బన్ లో, నేను కడుపులో పడ్డానని మొదట చెప్పింది మా పెద్దమ్మ. పోపు వాసన పడక అమ్మ వంటింట్లోంచి లేచి వెళ్ళిపోయిందట. పెద్దమ్మ గరిటె కింద పెట్టి, "ఎన్నాళ్ళయింది?" అని అడిగిందట. అదే పరీక్ష, అదే రిపోర్టు.

మన పాత వైద్య గ్రంథాలు కూడా ఇలాంటి గుర్తులే చెప్పాయి. సుశ్రుత సంహితలో గర్భం నిలిచిన వెంటనే కనిపించే గుర్తులు ఉన్నాయి: అలసట, నీరసం, దాహం, తొడల్లో బలం లేకపోవడం. తర్వాత చనుమొనలు నల్లబడటం, వాంతులు, మంచి వాసన కూడా పడకపోవడం. నాలుగో నెలలో బిడ్డ గుండె తెలుస్తుంది, అప్పుడు తల్లికి రెండు గుండెలు, అందుకే ఆమెకి కొత్త కోరికలు వస్తాయి అని ఆ గ్రంథం చెబుతుంది. ఆ స్థితి పేరు దౌహృదం. "దోహదం" అనే మాట దాని నుంచే వచ్చిందని పండితులు అంటారు. దోహదం అంటే మొదట గర్భిణి కోరిక. తర్వాత చెట్టు పూయడానికి చేసే ఉపచారం అనే అర్థం వచ్చింది. ఇప్పుడు వార్తల్లో "అభివృద్ధికి దోహదం" అని వింటాం. ఆ మాట వెనకాల పచ్చి మామిడికాయ అడుగుతున్న ఒక చూలాలు కూర్చుని ఉంది. చూలాలు అంటే గర్భిణి.

కానీ గుర్తులు మోసం చేయగలవు. దీనికి పెద్ద ఉదాహరణ ఇంగ్లండ్ రాణి మొదటి మేరీ. 1554లో ఆమెకి నెల తప్పింది, పొట్ట పెరిగింది. 1555 ఏప్రిల్ లో కాన్పు కోసం హాంప్టన్ కోర్టు మహలులో గది సిద్ధం చేశారు. బిడ్డ పుట్టిందని లండన్ లో పుకారు కూడా వచ్చింది. నెలలు గడిచాయి. ఆగస్టులో ఆమె బిడ్డ లేకుండానే ఆ మహలు వదిలి వెళ్ళింది. గర్భం అసలు లేదు. చుట్టూ ఇంతమంది వైద్యులు ఉన్న రాణికే ఇలా జరిగితే, మామూలు ఆడవాళ్ళ సంగతి చెప్పాలా? అందుకే యూరప్ లో చాలా కాలం, బిడ్డ కడుపులో కదిలిన రోజునే గట్టి నమ్మకంగా తీసుకున్నారు. అది సాధారణంగా నాలుగు, ఐదు నెలలకి తెలుస్తుంది. ఆ కదలికని మొదట తెలుసుకునేది తల్లి ఒక్కతే. ఈ విషయంలో ఆమె మాటే సాక్ష్యం.

మూత్రంతో పరీక్ష చేయడం కొత్త ఆలోచన కాదు. మూడు వేల ఏళ్ళకి పైబడిన ఒక ఈజిప్టు పత్రంలో ఉంది: ఆమె మూత్రంతో గోధుమలు, బార్లీ తడపాలి, మొలిస్తే గర్భం. 1963లో కైరోలో శాస్త్రవేత్తలు దీన్ని చేసి చూశారు. గర్భిణుల మూత్రంతో దాదాపు 70 శాతం సార్లు గింజలు మొలిచాయి. ఆడో మగో చెప్పే భాగం మాత్రం పనిచేయలేదు.

1920ల చివర్లో బెర్లిన్ లో ఆష్‌హైమ్, జోండెక్ అనే ఇద్దరు వైద్యులు నమ్మదగిన పరీక్ష కనిపెట్టారు. గర్భిణి మూత్రంలో ఒక హార్మోన్ ఉంటుంది. దాని పేరు ఇప్పుడు హెచ్‌సీజీ. ఆ మూత్రాన్ని చిన్న ఆడ ఎలుకలకి సూదితో ఎక్కించి, కొన్ని రోజుల తర్వాత వాటిని చంపి, అండాశయాలు చూడాలి. తర్వాత అమెరికాలో 1931లో కుందేలుతో చేశారు. జవాబు అవునైనా కాదైనా కుందేలు చావాల్సిందే.

ఇక్కడ మా దేశం వస్తుంది. లాన్సెలాట్ హాగ్‌బెన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1927లో కేప్ టౌన్ విశ్వవిద్యాలయానికి వచ్చారు. ఇక్కడి గోళ్ళ కప్ప మీద పరిశోధన చేశారు. దాని శాస్త్రీయ నామం జెనోపస్, మా ఊళ్ళలో ప్లాటానా అంటారు. ఎద్దు పిట్యూటరీ గ్రంథి రసం ఎక్కిస్తే ఆ ఆడ కప్ప గుడ్లు పెడుతుందని ఆయన చూపించారు. 1930లో ఆయన ఇంగ్లండ్ వెళ్ళిపోయారు. కేప్ టౌన్ లోనే షపీరో, జ్వారెన్‌స్టైన్ అనే ఇద్దరు 1933లో దాన్ని గర్భ పరీక్షగా ప్రకటించారు. గర్భిణి మూత్రం కప్ప చర్మం కిందకి ఎక్కిస్తే, ఒక రాత్రి గడిచేలోపు గుడ్లు కనిపిస్తాయి. కప్పని కోయక్కర్లేదు. కొన్ని వారాల తర్వాత అదే కప్పతో మళ్ళీ పరీక్ష చేయొచ్చు. వేల కప్పలు ఇక్కడి నుంచి ఓడల్లో ప్రపంచమంతా వెళ్ళాయి.

ఆ కప్పలు ఈ దేశంలోని చెరువుల్లోనే బతికాయి. కానీ మా అమ్మకి పెద్దమ్మే చెప్పాలి. పరీక్ష డాక్టర్ల చేతిలో ఉండేది. స్కాట్లాండ్ లోని ఎడింబరాలో 1929లో మొదలైన పరీక్షా కేంద్రం కూడా జవాబు డాక్టరుకే పంపేది. ఆమె ఒంటి సంగతి ఆమెకి చివర్లో తెలిసేది.

దీన్ని ప్రశ్నించింది మార్గరెట్ క్రేన్ అనే డిజైనర్. 1967లో ఆమె అమెరికాలో ఒక మందుల కంపెనీలో పనిచేస్తూ, ల్యాబులో వరసగా ఉన్న పరీక్ష గొట్టాలు చూశారు. ఇది ఆడవాళ్ళు ఇంట్లోనే చేసుకోవచ్చు కదా అని ఒక చిన్న ప్లాస్టిక్ పెట్టె తయారుచేశారు. కంపెనీ వాళ్ళు మొదట ఒప్పుకోలేదు. 1971లో కెనడాలో అమ్మకానికి వచ్చింది. అమెరికాలో 1970ల చివరిదాకా రాలేదు. ఇప్పుడు మందుల షాపులో దొరికే గీతల పరీక్ష దాని తర్వాతి తరం.

చదివే అమ్మాయిలకి ఒక మాట. నెల తప్పడం, రొమ్ముల నొప్పి, అలసట, వికారం, మాటిమాటికీ మూత్రానికి వెళ్ళడం: ఇవి మొదటి గుర్తులు. ఇవేవీ రుజువు కాదు. నెల తప్పిన రోజు నుంచి ఇంటి పరీక్ష చేసుకోవచ్చు. గీత పడినా, గర్భం సరైన చోట ఉందో లేదో ఆ గీత చెప్పదు. పొత్తికడుపులో ఒక పక్క బాగా నొప్పి, భుజం చివర నొప్పి, రక్తం పోవడం, కళ్ళు తిరగడం ఉంటే పొద్దున్నదాకా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

ఇక పెద్దవాళ్ళకి. గుడిలో సేవ చేసేవాళ్ళకి ఎవరు ఏ రోజుల్లో రారో తెలుస్తుంది. ఒకమ్మాయి నెలంతా క్రమం తప్పకుండా వస్తే కొందరు కళ్ళతోనే లెక్క కడతారు. నాకూ కనిపిస్తుంది. నేను ఏమీ అడగను. ప్రసాదం కొంచెం ఎక్కువ పెడతాను, బిందె నేను ఎత్తుతాను. చెప్పాలనుకున్నప్పుడు ఆమే చెబుతుంది. చెప్పకుండా ఉండాల్సిన కారణాలూ ఉండొచ్చు. మొదటి నెలల్లో గర్భం పోయిన బాధ చాలా ఇళ్ళలో ఉంది, అందరూ బయటికి చెప్పరు.

ఈ వారం మీ ఇంట్లో పెద్దవాళ్ళని ఒక ప్రశ్న అడగండి: "మీకు ఎలా తెలిసింది? ముందు ఎవరికి చెప్పారు?" తెలుగులోనే అడగండి. వాళ్ళు వాడిన మాట ఏదైనా ఇక్కడ లేకపోతే నాకు రాయండి, నేనూ నేర్చుకుంటాను.