ఒళ్లు నొవ్వని సైకిలు
(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



పోయిన ఏడు దసరాలకు ముందు మా అమ్మాయి ఒక చీటీ తెచ్చి నా ముందు పెట్టింది. దాని మీద నాలుగు పేర్లు, వాటికి ఎదురుగా నాలుగు ధరలు. స్టీలు, అల్యూమినియం, టైటానియం, కార్బన్. "అమ్మా, వీటిలో ఏది కొనుక్కోమంటావు?" అంది. గిన్నెలనుకునేరు, సైకిళ్లండీ! ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ ఆదివారం పొద్దున్నే హైదరాబాదులో ఒక జట్టుతో కలిసి సైకిలు మీద పోతోంది. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో తొక్కెయ్యాలని ఇప్పుడు దాని పట్టుదల. అంతకుముందు ఎవరిదో సైకిలు అడిగి తీసుకుని వంద కిలోమీటర్లు పోయొచ్చింది. వచ్చాక రెండు రోజులు నడుం పట్టుకుని కూర్చుంది. చేతివేళ్లు తిమ్మిరెక్కి అన్నం ముద్ద కలపడం కూడా కష్టమయ్యింది. అందుకని ఈసారి ఒళ్లు నొవ్వని లోహమేదో తేల్చుకుని గాని కొనదట.

ఆ మాట అడగడానికి నేనే దొరికానా అనుకున్నాను. ఎందుకంటే నాకు సైకిలు తొక్కడం రాదు.

మాది కొనకనమిట్ల. పొదిలికీ మార్కాపురానికీ మధ్యన, కందిచేలూ గరుకు నేలలూ ఉన్న ఊరు. మా నాయనకు ఎత్తయిన పెద్ద సైకిలు ఒకటుండేది. పొలానికి అదే, పొదిలికి అదే, ఫ్లోరైడు లేని నీళ్లు బిందెల్లో తెచ్చుకోవడానికీ అదే. నేను పదో తరగతి పాసయ్యాక పొదిలిలో కాలేజీ మాట వచ్చింది. బస్సులు వేళకు రావు. సైకిలు ఉందిగా అన్నాను. సీటు నుంచి హ్యాండిలు దాకా నడుమెత్తున అడ్డంగా పోయే ఆ బారు మీదుగా లంగా ఓణీతో కాలెలా వేస్తావన్నారు. ఆ సైకిలు మీద మా అన్నయ్య కాలేజీకి పోయాడు. నేను పదో తరగతితో ఆగాను. అదొక్కటే కారణమని ఇప్పుడు అనను. కాని ఆనాడు మా ఇంట్లో చెప్పుకున్న కారణం మాత్రం అదే.

అందుకే అమ్మాయి చీటీ చూడగానే, అసలీ ఫ్రేము ఎవరు కట్టారు, ఎవరి కోసం కట్టారు అని నాకు పట్టింపు పుట్టింది. పుస్తకాలు తిరగేశాను. తెలిసింది మీతోనూ చెబుతాను. రేపు మీ పిల్లలూ ఇలాంటి చీటీయే తెస్తారు.

సైకిలుకు మొదటి ఒళ్లు కొయ్య. 1817లో జర్మనీలోని మాన్‌హైమ్‌లో కార్ల్ ఫాన్ డ్రైస్ అనే ఆయన రెండు చక్రాల కొయ్యబండి చేశాడు. బరువు ఇంచుమించు 22 కిలోలు. పెడళ్లు లేవు. దాని మీద కూర్చుని నేలను కాళ్లతో వెనక్కి తన్నుకుంటూ పోవడమే. 1860లలో పారిస్‌లో ముందు చక్రానికి పెడళ్లు తగిలించారు, ఫ్రేము ఇనుముతో చేశారు. చక్రాలు కొయ్యవి, వాటికి మన ఎడ్లబండి చక్రానికి వేసినట్టే ఇనప పట్టా. రాళ్లు పరిచిన వీధుల్లో దాన్ని తొక్కితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఇంగ్లీషువాళ్లు దానికి ఎముకలు కుదిపేదని పేరు పెట్టారు. ఒంటి సుఖం మాట సైకిలు చరిత్రలో అప్పుడే మొదలయిందన్నమాట.

మరి ఆ కుదుపు తగ్గించింది ఏ లోహం? ఏ లోహమూ కాదు! 1888లో బెల్‌ఫాస్టులో డన్‌లప్ అనే పశువుల డాక్టరు, తన కొడుకు మూడుచక్రాల బండి కోసం రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి చుట్టాడు. అంతకు నలభై ఏళ్ల ముందే థామ్సన్ అనే స్కాట్లండు మనిషి ఈ ఉపాయం కనిపెట్టాడు గాని, ఆయన కాలానికి సైకిళ్లే సరిగా లేవు. డన్‌లప్ కాలానికి ఉన్నాయి. 1885లో కావెంట్రీ పట్టణంలో స్టార్లీ చేసిన రోవర్ సైకిలు చూస్తే మనం ఇట్టే గుర్తుపడతాం. రెండు చక్రాలూ దాదాపు సమానం, చైను వెనక చక్రానికి. దానికి గాలి టైరు తోడయ్యాక ఒళ్లు హూనం కాకుండా ఊళ్లు తిరగడం వీలయింది.

ఆ పైన ఫ్రేముకు ఉక్కు గొట్టం స్థిరపడిపోయింది. దీనికీ ఒక కథ ఉంది. గొట్టం మందంగా ఉంటే బరువు, పల్చగా ఉంటే అతుకు దగ్గర విరుగుతుంది. బర్మింగ్‌హామ్‌లో మేకులు చేసే ఇంటివాడు రెనాల్డ్స్ 1897లో దీనికి ఉపాయం పట్టాడు. అతుకులు పడే రెండు కొసలూ మందంగా, నడుమ పల్చగా గొట్టం తీయించాడు. బయటికి చూస్తే తేడా తెలియదు. వాళ్లే 1935లో మాంగనీసు, మాలిబ్డినం కలిపిన ఉక్కుతో 531 అనే గొట్టం తీశారు. దూరాలు తిరిగేవాళ్లు దశాబ్దాల తరబడి దాన్నే కోరుకున్నారు. ఉక్కు గుణమేమంటే, కొంత మేరకు వంగి తిరిగి తన చోటికి వస్తుంది. ఆ మేర దాటనంతవరకూ ఎన్ని లక్షలసార్లు వంగినా అలిసిపోదు.

ఇంతవరకూ బాగానే ఉంది. మరి ఆడవాళ్లో? 1880ల చివర మన కోసమని బారు తీసేసిన ఫ్రేము వచ్చింది. గౌను అడ్డం పడకూడదు కదా. కాని ఇంటికి దూలం తీసేసినట్టే. పై గొట్టం పోతే మిగిలిన గొట్టాలు లావు చెయ్యాలి. పైగా గౌను చక్రంలో పడకుండా వల, చైనుకు పెట్టె. అంతా కలిసి ఆడవాళ్ల సైకిలు మగవాళ్ల సైకిలు కంటే బరువెక్కింది. బలం తక్కువని మనల్ని అంటూ, బరువు మాత్రం మనకే ఎక్కువ పెట్టారు!

ఆనీ కోప్‌చోవ్‌స్కీ అనే ఆవిడ కథ చదివి నేను రాత్రి చాలాసేపు నిద్రపోలేదు. అమెరికాలో బోస్టన్ నగరంలో ముగ్గురు పిల్లల తల్లి. 1894 జూన్‌లో సైకిలు మీద ప్రపంచం చుట్టి వస్తానని బయలుదేరింది. ఇచ్చింది ఆడవాళ్ల సైకిలు, 42 పౌన్లు, అంటే మన లెక్కలో 19 కిలోలు. షికాగో చేరేసరికి ప్రాణం విసిగింది. అక్కడ మగవాళ్ల సైకిలు తీసుకుంది. దాని బరువు సరిగ్గా సగం, 21 పౌన్లు. పొడుగు గౌను మాని కాళ్లకు విడివిడిగా ఉండే దుస్తులకు మారింది. మధ్యలో ఓడలూ ఎక్కిందనుకోండి, కాని 1895 సెప్టెంబరులో తిరుగుప్రయాణం ముగించింది. చూశారా, ఆ రెండు సైకిళ్లూ ఉక్కువే. మారింది లోహం కాదు, ఎవరి కోసమని తలచి కట్టారన్నదే.

ఇక మన దేశంలోకి వద్దాం. మొదట్లో సైకిళ్లు ఎక్కువగా ఇంగ్లండు నుంచే ఓడల్లో దిగేవి. స్వతంత్రం వచ్చాక మద్రాసు దగ్గర అంబత్తూరులో 1949లో మురుగప్ప వారు బర్మింగ్‌హామ్‌లోని ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్‌తో కలిసి టి.ఐ. సైకిల్స్ పెట్టారు. రెనాల్డ్స్ కంపెనీ 1928లోనే ఆ ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ చేతికి వచ్చింది. అయితే పల్లెల్లో నడిచిన సైకిలుకు ఆ సన్నని మేలురకం గొట్టం లేదు లెండి. మామూలు బరువు ఉక్కు, ఇత్తడితో అతుకు. 1956లో లూధియానాలో హీరో వచ్చాక సైకిలు ఇంకా చవకయ్యింది.

మా నాయన సైకిలు ఈ జాతిదే. బరువు ఇరవై కిలోల దాకా ఉండేది. అయినా రాళ్లబాటన పొదిలి దాకా పోయొచ్చి మా నాయన ఏనాడూ నడుం నొప్పి అనలేదు. ఎందుకనలేదో ఇప్పుడు తెలిసింది. టైరు వెడల్పు అంగుళంన్నర. సీటు కింద స్ప్రింగులు. చక్రాలు పెద్దవి, ముందు ఫోర్కు ఏటవాలు, నిటారుగా కూర్చునే వీలు. ఆ సుఖంలో ఫ్రేము లోహం వాటా స్వల్పం.

ఆ సైకిలు మీదనే ఆడవాళ్లు ఎక్కి చూపించారు. మన పక్కనే తమిళనాడు పుదుక్కోట జిల్లాలో, 1990ల మొదట్లో షీలా రాణి చుంకత్ కలెక్టరుగా ఉన్నప్పుడు, అక్షరాస్యత ఉద్యమంలోనే సైకిలు నేర్పారు. కూలికి పోయేవాళ్లు, క్వారీల్లో రాళ్లు కొట్టేవాళ్లు వేలమంది నేర్చుకున్నారు. ఆడవాళ్ల సైకిళ్లు చాలినన్ని దొరకలేదు. బారు ఉన్న సైకిళ్లే తొక్కారు. బారు మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని కొందరు దాన్నే మెచ్చుకున్నారట! ఇది చదివి నాకు నవ్వూ వచ్చింది, ఉక్రోషమూ వచ్చింది. నన్ను ఇంట్లో ఆపిన బారే కదా అది. 2006లో బీహారు ప్రభుత్వం తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లు ఇవ్వడం మొదలుపెడితే, హైస్కూలులో చేరే ఆడపిల్లలు సుమారు మూడోవంతు పెరిగారని కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు లెక్క తేల్చారు.

సరే, చీటీలో మిగతా మూడు లోహాల సంగతి. అల్యూమినియం కొత్తదేం కాదు, 1890లలోనే దానితో ఫ్రేములు పోశారు. అదే రోజుల్లో ఇంగ్లండులో వెదురు సైకిళ్లూ అమ్మారు. మన నల్లమల వెదురుతో బుట్టలల్లే మేదరులు వింటే ముక్కున వేలేసుకునేవారు. అల్యూమినియం బాగా చలామణి అయింది మాత్రం 1980లలో. మన సత్తుగిన్నె చూడండి, తేలిక, కాని మెత్తన. ఉక్కుతో పోలిస్తే బరువు మూడోవంతు, బిగువూ మూడోవంతే. అందుకని గొట్టాలు లావుగా చేస్తారు. లావు గొట్టం వంగదు, దానితో సైకిలు మొండిగా ఉంటుందన్న పేరు వచ్చింది. టైటానియం తుప్పు పట్టదు, వంపు ఉంది, ఖరీదు చూస్తే మంగళసూత్రం తడుముకోవాలి. కార్బన్ అసలు లోహమే కాదు, సన్నని పోగుల బట్టను జిగురుతో పొరలు పొరలుగా అతికించింది. 1986లో గ్రెగ్ లెమాండ్ ఫ్రాన్సు పందెం గెలిచింది దాని మీదే. పోగులు ఏ దిక్కున వేస్తే ఆ దిక్కున బిగువు. తేలికే గాని గట్టి దెబ్బ తగిలితే లోపలి చీలిక పైకి కనపడకపోవచ్చు. ఉక్కయితే గ్యాసు వెల్డింగు తెలిసిన పనివాడు అతుకుతాడు.

ఇంతా చదివాక నాకు తోచింది ఇది. త్రిభుజాలుగా కట్టిన ఫ్రేము ఏ లోహమైనా పైనుంచి కిందికి వంగేది వెంట్రుకవాసి. గాలి టైరు దానికి ఎన్నో రెట్లు అణుగుతుంది. పందేలవాళ్లు ఏళ్ల తరబడి 23 మిల్లీమీటర్ల సన్న టైర్లు రాయిలా బిగించి తొక్కి, ఇప్పుడు వాళ్లే 28కి వచ్చారు. మా అమ్మాయి వేళ్ల తిమ్మిరికి కారణం అల్యూమినియం కాదు, తన చేతికి అందనంత ముందుకున్న హ్యాండిలు. ఆ సైకిలు ఆరడుగుల మగవాడిది మరి!

అంగడికి నేనూ వెళ్లాను. లోహం సంగతి తర్వాత, ముందు పిల్లను కొలవండి అన్నాను. సీటు ఎత్తు, హ్యాండిలు దూరం, సీటు వెడల్పు, అన్నీ చూశారు. చివరికి ఉక్కు ఫ్రేమే కొన్నాం. పది కిలోల పైచిలుకు. 32 మిల్లీమీటర్ల టైర్లు. మిగిలిన డబ్బు బ్యాంకులో వేసుకుంది. డిసెంబరులో 200 కిలోమీటర్లూ తొక్కింది. మర్నాడు పొద్దున్నే తన అన్నం డబ్బా తనే సర్దుకుని ఆఫీసుకు పోయింది.

సంక్రాంతికి ఆ సైకిలు కొనకనమిట్ల తెచ్చాం. నాయన సైకిలు మా అన్నయ్య పెరట్లో గోడకు చేరవేసి ఉంది, చైనుకు తుప్పు, సీటు స్ప్రింగులు మాత్రం భేషుగ్గా ఉన్నాయి. అన్నయ్య కొత్త సైకిలు చుట్టూ తిరిగి, టైరును బొటనవేలితో నొక్కి చూశాడు.

"గాలి తక్కువుందే అమ్మాయ్!" అన్నాడు.

"అంతే ఉండాలి మామయ్యా" అంది మా అమ్మాయి.