డాక్టర్ సాబ్ చేతి నుంచి అవాం చేతికి

గుండె ఆగిందంటే మౌత్ వచ్చేసినట్టేనని మన బుజుర్గులు అనుకునేవారు. చాలాసార్లు అది పూర్తిగా ఆగదు. లయ తప్పి గిలగిలా వణుకుతుంది, రక్తాన్ని మాత్రం తోయలేదు. కరెంటు షాక్‌తో ఆ వణుకును ఆపితే మళ్లీ కొట్టుకునే ఉమ్మీద్ ఉంటుంది. 1947లో అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్‌లో సర్జన్ క్లాడ్ బెక్ 14 ఏళ్ల అబ్బాయి జాన్ ఇలాగే కాపాడాడు. ఆపరేషన్ కోసం ఛాతీ తెరిచే ఉంది, షాక్ నేరుగా గుండెకే ఇచ్చాడు. ఛాతీ తెరవకుండా పైనుంచే ఇవ్వొచ్చని 1956లో పాల్ జోల్ చూపాడు.

అయినా మషీన్ ఆస్పత్రిలోనే ఉండిపోయింది. మరీజ్ పడిపోయేది ఇంట్లోనో బజారులోనో కదా! షాక్ ఆలస్యమైన ప్రతి నిమిషానికీ బతికే అవకాశం దాదాపు పదోవంతు తగ్గిపోతుంది. బెల్‌ఫాస్ట్ డాక్టర్ ఫ్రాంక్ పాంట్రిడ్జ్‌ను ఈ వక్త్ లెక్కే కుదురుగా ఉండనివ్వలేదు. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ ఫౌజ్‌కు ఖైదీగా చిక్కి, బర్మా రైలుమార్గం పనిలో నరకం చూసి బతికొచ్చిన మనిషి ఆయన. 1965లో కారు బ్యాటరీలతో నడిచే డిఫిబ్రిలేటర్‌ను అంబులెన్స్ ఎక్కించాడు. బరువు సుమారు 70 కిలోలు!

బరువు తర్వాత తగ్గింది. తగ్గనిది డాక్టర్ కానివాళ్ల మీద బేభరోసా. గుండె లయను తానే చదివి, అవసరమైతేనే షాక్ ఇచ్చే ఏఈడీలు వచ్చాక కూడా అదే షక్. దానికి జవాబు చికాగో ఎయిర్‌పోర్టుల్లో దొరికింది. 1999 నుంచి అక్కడ వీటిని అందరికీ కనిపించేలా గోడలకు పెట్టారు. రెండేళ్లలో షాక్ పనిచేసే రకం గుండెపోటుతో కూలిపోయినవారు 18 మంది, బతికి బయటపడినవారు 11 మంది. వారిలో ఆరుగురిని కాపాడినవాళ్లు ఏఈడీ వాడటం ఎన్నడూ నేర్చుకోనివాళ్లే. అయితే వాళ్లలో ముగ్గురు వైద్యం చదివినవారన్నదీ చెప్పాలి. ఫర్జె కిఫాయా అంటే మనకు జనాజా నమాజే గుర్తొస్తుంది. మన షాదీఖానాలో ఒకరు కూలిపోతే, అక్కడున్న వందల మందిలో ఈ ఫర్జ్ ఎవరు తీర్చాలి? దేనితో తీర్చాలి?

ఇక బడుల మాట. 2000 మార్చిలో న్యూయార్క్‌లోని లాంగ్ ఐలాండ్‌లో, లాక్రాస్ ఆడుతున్న 14 ఏళ్ల అబ్బాయి ఛాతీకి బంతి తగిలింది. కవచం ఉన్నా దిల్ లయ తప్పింది. మషీన్ దగ్గర్లో లేదు. ఆ అమ్మీ అబ్బా గమ్‌తో ఇంట్లో కూర్చోలేదు, ఖానూన్ కోసం తిరిగారు. 2002లో న్యూయార్క్ రాష్ట్రం తన ప్రభుత్వ బడుల్లో ఏఈడీలను తప్పనిసరి చేసింది. ఆ ఖానూన్‌కు పెట్టిన పేరు వాళ్ల బిడ్డదే.