మైనపుటచ్చును శస్త్రవైద్యమును



మన కంచరి పెద్దలు దేవతావిగ్రహములను పోతపోయు విధానము నెఱుగనివారు మనలో నరుదు. మైనముతో బొమ్మ చేసి, దానిపై మెత్తని మన్ను పొరలు పొరలుగా పూసి, యెండబెట్టి కాల్చగా మైనము కరగి వెలికి పోవును. ఆ బోలులో కరగిన లోహమును పోసి, చల్లారిన పిమ్మట అచ్చును పగులగొట్టుదురు. మొహెంజొదారోలో దొరకిన నర్తకీప్రతిమ యీ రీతినే పోయబడినది. కల్యాణ చాళుక్యుడగు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున రచించిన మానసోల్లాసమున నీ విధానము వర్ణింపబడినది. మైనపుతూకమునుబట్టి లోహపుతూకమును నిర్ణయించు పద్ధతియు నందు కలదు.

ఈ విద్య విగ్రహములతో ముగిసినదని తలచుట పొరపాటు. నేడు కీళ్లు చెడినవారి శరీరమున అమర్చు లోహపుకీళ్లలో ననేకములు మైనపుటచ్చునందే పుట్టుచున్నవి. ఆ చరిత్రమును సంగ్రహముగా విన్నవించుచున్నాము.

విఱిగిన యెముకలను లోహపురేకులతో బిగించు ప్రయత్నములు 19వ శతాబ్దముననే జరిగినవి. కాని శరీరద్రవము ఉప్పునీటి వంటిది. అందు ఇనుము త్రుప్పుపట్టును. 1912లో అమెరికా శస్త్రవైద్యుడు షెర్మన్ వనేడియము కలిపిన యుక్కుతో రేకులు చేయించెను. బలము హెచ్చెను గాని త్రుప్పు తప్పలేదు. రేకు ఒక లోహమును, మఱ వేఱొక లోహమును అయినచో రెంటినడుమ విద్యుత్తు పుట్టి యెముకకు హాని చేయునని టెక్సాసునందలి వెనబుల్, స్టక్ అను వైద్యులు తమ సహచరునితో కూడి 1937లో ప్రకటించిరి.

త్రుప్పెఱుగని లోహ మంతకుముందే సిద్ధమై యుండెను. 1907లో హేన్సు అను నమెరికా లోహజ్ఞుడు కోబాల్టు, క్రోమియముల మిశ్రలోహమునకు పేటెంటు పొందెను. ఆ యేటనే టాగర్టు అను దంతవైద్యుడు మైనపుటచ్చులో బంగారమును పోసి పంటిగుంటలు పూడ్చు పద్ధతిని తోడివైద్యులకు ప్రదర్శించెను. 1930 తరువాత నీ రెండు పాయలును కలిసినవి. కోబాల్టు మిశ్రమమునకు మాలిబ్డినము చేర్చి, వైటాలియమను పేర దంతములకు పోతలు పోయసాగిరి. శరీరద్రవమున నిది మార్పు చెందదని వెనబుల్, స్టక్‌లు కనుగొనిరి. 1938లో బోస్టను వైద్యుడు స్మిత్-పీటర్సన్ తుంటికీలునకు వైటాలియపు గిన్నెను అమర్చెను. ఆయన మొదట వాడిన గాజుగిన్నెలు పగిలిపోయినవి.

నేటి పోతలోహమున క్రోమియము నూటికి 27 మొదలు 30 పాళ్లు, మాలిబ్డినము 5 మొదలు 7 పాళ్లు. మిగిలినది ప్రధానముగా కోబాల్టు. క్రోమియము పైని కంటికగపడని పొర యేర్పఱచి లోహమును కాపాడును. మాలిబ్డినము బలమిచ్చును. దీనిని కరగించుటకు సుమారు 1400 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి కావలయును. అందుచే మట్టికి బదులు పింగాణివంటి యచ్చు వాడుదురు. పోతలో బుడగలున్నచో వేడిమితోపాటు ఆర్గాను వాయువుతో అన్నివైపుల నొత్తి వానిని మూయుదురు. కమ్మరికి పరిచితమగు సాగగొట్టు పనియు నిట పోలేదు: నూటికి 6 పాళ్లు అల్యూమినియము, 4 పాళ్లు వనేడియము కలిపిన టైటానియమును కాచి, యంత్రపు సుత్తెలతో సాగగొట్టి కీళ్లు చేయుచున్నారు.

మంచి లోహమొక్కటియే చాలదు. లోహముపై లోహము రాయు తుంటికీళ్లు కొన్నింట రాలిన కోబాల్టు చుట్టునున్న కండను చెఱచెను. 2010లో అట్టి యొకరకపు కీళ్లను లోకమంతట వెనుకకు తీసికొనవలసి వచ్చెను.

టాగర్టు మనవారియొద్ద నేర్చెనని మేము చెప్పము. మైనపుపోత పెక్కు దేశముల ప్రాచీనవిద్య. మనము గర్వింపవలసినది దానిని వేలయేండ్లు నిలుపుకొన్నందులకు. సిగ్గుపడవలసినది దానిని వ్రాయనందులకు. మనవారు మూసలోని రంగు చూచి వేడిమి నెఱిగిరి. ఆ యెఱుక తండ్రితో పోయినచో కొడుకునకు దక్కలేదు. హేన్సు, వెనబుల్ మొదలగువారు తూచిరి, పరీక్షించిరి, ప్రకటించిరి. భేద మింతియే.

1973లో హైదరాబాదున స్థాపింపబడిన మిశ్రధాతు నిగమము టైటానియము మిశ్రలోహములను తయారుచేయుచున్నది. అట్టి చోట్ల మన పిల్లలు లోహశాస్త్రజ్ఞులై నిలువవలయును. కావున లోహశాస్త్రము చదువు బీదవిద్యార్థులకు వేతనములిచ్చుటకును, జీవించియున్న కంచరి పెద్దల పాళ్లను, కొలతలను వ్రాయించుటకును ఈ మహాసభయు, దాతలును పూనుకొందురుగాక. కొలిమివద్ద కూర్చుండుట చిన్నతనమని పిల్లలకు తోపనీయకుడు. ఆ కొలిమిలో పుట్టినదే నేడొక ముదుసలిని మరల నడిపించుచున్నది.