గొలుసుల సాక్ష్యం

గొలుసులు ఘల్లుమన్నాయి. "పడింది! పడిందమ్మా!" అని నేను చప్పట్లు కొట్టాను. పన్నెండేళ్ళ నా మనుమరాలు మాత్రం పెదవి విరిచి, "లేదు తాతయ్యా, తగిలి బయట పడిపోయింది. లెక్కకు రాదు" అన్నది. చూస్తే నిజమే. ఆమె విసిరిన డిస్కు గొలుసులకు కొట్టుకొని, బుట్ట అంచు మీదుగా జారి, ఎండుటాకులలో వెల్లకిలా పడి ఉన్నది.

నిరుడు వేసవిలో మా అబ్బాయి ఇంట ఉండగా జరిగిన ముచ్చట ఇది. కాలిఫోర్నియాలో, పాసడీనా ఊరి అంచున, శాన్ గేబ్రియల్ కొండల పాదాల చెంత హహమోంగ్నా అనే పార్కు ఉన్నది. ఆ పేరు ఆ నేల మీద పూర్వం నుండి నివసించిన టోంగ్వా జనుల భాషలోనిది. అంతకు ముందు దానిని ఓక్ గ్రోవ్ పార్కు అనేవారు. పేరుకు తగినట్లే అది ఓక్ చెట్ల తోపు. ఆకు చిన్నది, అంచున ముళ్ళు, ఏడాది పొడుగునా పచ్చదనం. కొమ్మలు వంకరలు తిరిగి మనిషి తలను తాకేటంత కిందికి వాలి ఉంటాయి. ఆ చెట్ల నడుమనే డిస్క్ గోల్ఫ్ ఆట.

ఆట విధానం రెండు ముక్కలలో చెప్పవచ్చును. గోల్ఫ్‌లో బంతికి బదులు ఇక్కడ చేతితో విసిరే ప్లాస్టిక్ డిస్కు. గుంతకు బదులు ఒక ఇనుప స్తంభం, దానికి పైనుండి వేలాడే గొలుసులు, కింద బుట్ట. గుంత ఎక్కడా లేకపోయినా దానిని 'హోల్' అనే అంటారు. పాత ఆట పేరు కొత్త ఆటకు అంటుకొని వచ్చింది. డిస్కు ఎక్కడ ఆగితే అక్కడి నుండే మళ్ళీ విసరాలి. తక్కువ విసురులతో బుట్టలో వేసినవాడు గెలిచినట్లు. పద్దెనిమిది హోల్స్ తిరిగితే ఆట ముగుస్తుంది.

ఇంటికి వచ్చాక ఈ ఆట పుట్టుపూర్వోత్తరాలు వెదకడానికి కూర్చున్నాను. పండిత శిక్షణ పొందినవాడికి ఏ వస్తువు కనబడినా దాని వ్యుత్పత్తి తెలిసేదాకా నిద్ర పట్టదు కదా. తెలిసిన సంగతి విని నేనే నివ్వెరపోయాను. మేము ఆడి వచ్చిన ఆ తోపు సామాన్యమైనది కాదు. ఈ ఆట కోసం శాశ్వతంగా ఏర్పరచిన మొట్టమొదటి క్రీడాస్థలం అదేనట! 1975లో ఏర్పడింది.

ఏర్పరచినవాడు ఎడ్ హెడ్రిక్. వామ్-ఓ అనే ఆటవస్తువుల కంపెనీలో 1964లో చేరాడు. ఆ కంపెనీ అప్పటికే ఫ్రెడ్ మారిసన్ అనే ఆయన నుండి ఎగిరే పళ్ళెం హక్కులు కొని, 1957లో దానికి 'ఫ్రిస్బీ' అని పేరు పెట్టి అమ్ముతున్నది. ఈ మారిసన్ కథ కూడా రుచిగా ఉంటుంది. 1937లో పాప్‌కార్న్ డబ్బా మూతను కాబోయే భార్యతో అటూ ఇటూ విసురుకుంటూ మొదలుపెట్టాడు. తరువాత సముద్రతీరంలో ఐదు సెంట్ల కేకు పళ్ళెం ఎగురవేస్తుంటే, అడిగి మరీ ఇరవై అయిదు సెంట్లకు కొన్నారట జనం. ఇక ఫ్రిస్బీ అన్న పేరు కనెక్టికట్‌లోని ఒక పిండివంటల కంపెనీది. వారి పై పళ్ళేలను కాలేజీ కుర్రాళ్ళు విసురుకొనేవారని ప్రతీతి. హెడ్రిక్ ఆ పళ్ళెం పైభాగాన గీతలు చేర్చి, గాలిలో తొణకకుండా నిలకడగా పోయేటట్లు చేశాడు. దానికి 1967లో పేటెంటు వచ్చింది.

అయితే పళ్ళేన్ని గురిపెట్టి విసిరే ఆట ఆయన కనిపెట్టినదా అంటే, కాదు. 1926లోనే కెనడాలోని సస్కాచవాన్ రాష్ట్రంలో, బ్లాడ్‌వర్త్ అనే చిన్న ఊళ్ళో బడిపిల్లలు రేకు మూతలతో ఈ ఆట ఆడుకొన్నారు. 'టిన్ లిడ్ గోల్ఫ్' అని పేరు కూడా పెట్టుకొన్నారు. 1960లలో కాలిఫోర్నియాలోనే మరొకాయన పిల్లల చేత ఆడించాడు. న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ కుర్రాళ్ళు హెడ్రిక్ సంగతి తెలియకుండానే ఏళ్ళ తరబడి ఆడి, 1974లో కొత్త డాట్సన్ కారు బహుమతిగా పెట్టి పోటీ నడిపారు.

మరి ఆద్యుడెవరు? ఈ ప్రశ్న నాకు పాత పరిచయమే. 1909లో మానవల్లి రామకృష్ణకవిగారు నన్నెచోడుని కుమారసంభవం వెలికితెచ్చి, ఈయన నన్నయ కంటె ముందువాడన్నారు. ఆ వాదం మా తరగతి గదుల దాకా వచ్చి మా చేత పరీక్షలలో పేజీలకు పేజీలు రాయించింది. ఆదికవి ఎవరన్నది తేల్చడం కంటె, ఎవరి తరువాత మార్గం తెగకుండా సాగిందో చూడడం మేలని నా అభిప్రాయం. రేకు మూతల పిల్లలు పెరిగి పెద్దవారయ్యారు, వారి ఆట వారితోనే ఆగింది. ఓక్ గ్రోవ్‌లో పాతిన స్తంభాలు మాత్రం నిలిచాయి.

అవును, మొదట ఉన్నవి స్తంభాలే. గొలుసులు లేవు, బుట్టలు లేవు. ఉత్త ఇనుప గొట్టాలు. డిస్కు గొట్టానికి తగిలితే హోల్ పూర్తి అయినట్లు. ఇక్కడే వచ్చింది చిక్కు. తగిలిందని ఒకడు, తగలలేదని ఇంకొకడు. పక్కగా రాసుకొని పోయిన ప్లాస్టిక్కు ఏ గుర్తూ మిగల్చదు. చప్పుడు విన్నానంటాడు ఒకడు, గాలి చప్పుడంటాడు మరొకడు. ఈ తగవులతో విసిగి, హెడ్రిక్ తన కుమారునితో కలిసి గొలుసులూ బుట్టా అమర్చిన స్తంభాన్ని తయారుచేశాడు. 1977లో దానికీ పేటెంటు వచ్చింది. గొలుసు వేగాన్ని చంపుతుంది, బుట్ట పట్టుకొంటుంది. ఎవరి మాటా నమ్మనక్కరలేదు. అంతకు ముందే 1976లో క్రీడాకారుల సంఘం ఒకటి స్థాపించి, అందులో ఒకటవ నంబరు సభ్యుడయ్యాడు. 2002లో చనిపోయాక ఆయన కోరిక ప్రకారం చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులు పోయించారు.

తగవు అనగానే నాకు నా సంగతి గుర్తుకు వచ్చింది. దానిని రాయకుండా ఈ వ్యాసం ముగిస్తే అబద్ధమాడినట్లే.

1986లో నేను కొత్తగా చేరిన బడిలో, సాయంకాలం పిల్లలు గోటీబిళ్ళ ఆడేవారు. (కొన్ని ప్రాంతాల వారు బిళ్ళంగోడు అంటారు, తెలంగాణ మిత్రులు చిర్రగోనె అంటారు.) బిళ్ళను లేపి కొట్టినవాడు గోటీని గుంత మీద అడ్డంగా పెడతాడు. అవతలివాడు బిళ్ళ పడిన చోటి నుండి దానిని గోటీకి గురిచూసి విసురుతాడు. తగిలితే కొట్టినవాడు అవుట్. సరిగా ఆ గొట్టపు తగవే! ఒకనాడు ఇద్దరు పిల్లలు తగిలింది, తగలలేదు అంటూ నా దగ్గరకు వచ్చారు. నేను వేపచెట్టు కింద కాంపోజిషన్ పుస్తకాలు దిద్దుకొంటూ ఉన్నాను, ఆట వైపు చూడనేలేదు. ఆ మాట చెప్పవలసినది. చెప్పక, పద్యాలు చక్కగా అప్పగించేవాడి పక్షాన తీర్పు ఇచ్చాను. రెండవ పిల్లవాడు నా ముఖంలోకి చూసి, "మీరు చూడలేదు మాస్టారూ" అన్నాడు. ఎదురు మాట్లాడుతున్నావా అని గద్దించాను. వాడు ఆ ఏడాది మళ్ళీ గోటీ పట్టడం నేను చూడలేదు. సాయంకాలాలు గోడ మీద కూర్చొని ఉండేవాడు. నేను పిలిచి మాట్లాడవలసింది. మాట్లాడలేదు.

మరొక సంగతి. ఈ తోపు నేటి లెక్కలో పొట్టిది. అప్పటి డిస్కు గుండ్రటి అంచు గల మెత్తని మూత వంటిది. అది పోగలిగిన దూరానికి తగినట్లే చెట్ల నడుమ దారులు ఏర్పరచారు. 1983లో డేవ్ డునిపేస్ అనే ఆయన వాలు అంచు గల డిస్కును రూపొందించాక, గాలిని కోసుకొంటూ పోయే ఈ కొత్తరకం ఎంతో దూరం వెళ్ళసాగింది. దానితో కొత్త క్రీడాస్థలాలు పొడవుగా పెరిగిపోయాయి. ఒకనాటి ప్రవీణుల రంగస్థలం ఇప్పుడు నావంటి అరవై దాటినవాడికీ, మనుమరాలికీ ఓనమాలు దిద్దుకొనే ఇసుక పళ్ళెమయింది. నాకు ఇందులో చిన్నతనమేమీ కనబడలేదు. టికెట్టు లేదు, అడ్డగించేవాడు లేడు. ఇక్కడ ఎదురయ్యేవి చెట్లే. బలంగా విసిరితే తప్పకుండా మానుకు కొట్టుకొంటుంది. మణికట్టు మెల్లగా తిప్పి, కొమ్మ కింద నుండి తక్కువ ఎత్తులో పంపితే దారి దొరుకుతుంది. నాకు ఆ కిటుకు పదకొండవ హోల్ దగ్గర గాని చిక్కలేదు.

చివరి హోల్‌లో నా డిస్కు ఒక ముసలి ఓక్ మాను వెనుకకు పోయింది. మనుమరాలు అవతల తన డిస్కు వెదుక్కొంటూ ఉన్నది. మాను వెనుక నుండి ఒకసారి విసిరితే కొమ్మకు తగిలి నా కాళ్ళ దగ్గరే పడింది. మళ్ళీ విసిరాను. తరువాత తంటాలు పడి బుట్టలో వేశాను. గొలుసులు మోగాయి, ఈసారి డిస్కు నిలిచింది.

ఆమె ఫోనులో లెక్క రాసుకొంటూ, "తాతయ్యా, నీకు ఆరేనా?" అన్నది.

"ఏడు తల్లీ. చెట్టు వెనుక ఒకటి ఉన్నది, నువ్వు చూడలేదు" అన్నాను.