ఊరి పెట్టె, ఇంటి పెట్టె

టెలివిజన్ మన దేశంలో ఇంటి సామానుగా ప్రవేశించలేదు. నేటి పాఠకుడు ఈ సంగతిని ఒకపట్టాన నమ్మడు. 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా ఆరంభమైన ప్రసారాలు వారానికి రెండు దినాలు, దినానికొక గంట మాత్రమే సాగేవి. వాటిని చూడదలచినవారు యునెస్కో సహాయంతో ఏర్పడిన టెలిక్లబ్బులకు నడచి వెళ్లవలసినదే. ఇంగ్లండులో 1953 నాటి రాణి పట్టాభిషేకం ఎందరిచేతనో పెట్టెలు కొనిపించి, వాటిని ముందుగదిలో చలిమంట సరసన నిలిపినది. ఇక్కడ ఆ పెట్టెకు తొలి నివాసం బడి, సంఘభవనం, పంచాయతీ. 1967 జనవరి 26న మొదలైన ‘కృషిదర్శన్’ కూడా ఢిల్లీ చుట్టుపట్ల 80 గ్రామాల రైతులు గుంపుగా కూర్చుని చూచేందుకు ఉద్దేశించినదే.

ఈ ఉమ్మడి దర్శనానికి పరాకాష్ఠ 1975 ఆగస్టు 1న ఆరంభమై ఒక సంవత్సరం సాగిన ఉపగ్రహ బోధనా ప్రయోగం. అమెరికావారు ఎరువిచ్చిన ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలకు ప్రసారాలు అందినవి. ఉదయం బడిపిల్లలకు గంటన్నర, సాయంకాలం పెద్దలకు రెండున్నర గంటలు. ఉపగ్రహంనుండి నేరుగా సంకేతాలను గ్రహించే ఆ సెట్లు తయారైనది హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్‌లో. వాటి యాంటెన్నా కోళ్లగూళ్లకు వాడే ఇనుపవలతో చేసిన మూడు మీటర్ల గొడుగు. విద్యుత్తు లేని కొన్ని ఊళ్లలో బ్యాటరీలే దిక్కు. అయితే ఊరందరిదైన పెట్టె ముందు ఊరందరికీ ఒకేచోటు దొరికినదని చెప్పజాలము. పగలంతా ఊరిని విడదీసే గీతలు సాయంకాలానికి చెరిగిపోవు. కూలి ముగించుకొని వచ్చిన స్త్రీకి వంటవేళ, ప్రసారవేళ ఒకటే.

ఆ పెట్టెలన్నీ ఊళ్లకు పోగా, ఒక్కటి మాత్రం ఒక రచయిత ఇంటికి చేరినది. భూమితో సమంగా తిరిగే ఉపగ్రహాల ద్వారా ప్రసారాలు సాధ్యమని 1945లోనే వ్రాసిన ఆర్థర్ సి. క్లార్క్‌కు కొలంబోలో మన శాస్త్రజ్ఞులే దానిని అమర్చి ఇచ్చారు. రచయితకు ఇంతటి గౌరవం అరుదు!

1976 జూలై 31న ప్రయోగం ముగిసినది, ఉపగ్రహం మరలిపోయినది. 1977లో హైదరాబాదు కేంద్రం వచ్చినది గాని, చాలా ఊళ్లలో తెర చీకటిగానే మిగిలినది.

ఆ 1976లోనే ఆకాశవాణినుండి వేరుపడిన సంస్థకు ‘దూరదర్శన్’ అని నామకరణం చేశారు. ‘దర్శనం’ అంటే మనకు వట్టి చూపు కాదు, దేవుడో పెద్దలో కనబడటం. పేరు సంస్థకు అతికినది. వస్తువును మాత్రం జనం ‘టీవీ’ అనే పిలిచారు.

1982 నాటి ఢిల్లీ ఆసియా క్రీడలు, ఆ యేడే వచ్చిన రంగుల ప్రసారాలు కథను మలుపు త్రిప్పినవి. 1984లో కొన్ని నెలలపాటు దాదాపు రోజుకొక ట్రాన్స్‌మిటరు వెలసినది. పెట్టె ఇంటికి వచ్చినది: చెక్క తలుపులు, నాలుగు కాళ్లు, పైన పూలు కుట్టిన గుడ్డ; డాబామీద యాంటెన్నాను త్రిప్పేవాడొకడు, క్రిందనుండి ‘వచ్చింది, పోయింది’ అని అరిచేవాడొకడు. అయినా అది వెంటనే ఆ ఇంటివారి సొంతం కాలేదు. 1987 జనవరినుండి 1988 జూలైవరకు, ఆదివారం ఉదయం రామాయణ ధారావాహిక వేళకు వీధివారంతా సెట్టున్న ఇంటనే ఉండేవారు. హిందీ రాని ముసలమ్మలకు అనువాదకుని అవసరం కలుగలేదు, కథ తెలిసినదే. ఇంటివారు కుర్చీలలో, పొరుగువారు చాపమీద, కొందరు కిటికీ వెలుపల. ఊరి ముంగిట ఉండిన గీతలు గడప లోపలికి వచ్చినవి. పంచాయతీ పెట్టె ముందు కూర్చొనుట, పేరుకైనా, హక్కు. ఇక్కడ అది ఇంటివారి దయ. నా దృష్టిలో ఈ మార్పే ముఖ్యఘట్టం, రంగులు కావు.

తరువాత కేబులు తీగ వచ్చినది. పొరుగింటి చాప చుట్టబడినది. 2001 జనాభా లెక్కలలో నూటికి 31.6 కుటుంబాలకు ఉన్న టెలివిజన్ 2011 నాటికి 47.2కు చేరినది, రేడియో 35.1 నుండి 19.9కి దిగినది. అదే 2011 లెక్కలో ఇంటి ఆవరణలో మరుగుదొడ్డి ఉన్న కుటుంబాలు నూటికి 46.9.