ఓపెన్ ప్రైమరీల్లో స్వతంత్ర ఓటరు: కాలిఫోర్నియా ‘టాప్-టూ’ అనుభవం

మన దగ్గర బి-ఫారం ఎవరి చేతికి రావాలో అధిష్ఠానం తేలుస్తుంది. అమెరికాలో ఆ నిర్ణయం ప్రైమరీ ఎన్నికలో ఓటర్లదే. అయితే ఏ ఓటర్లు అన్న దగ్గరే తగువంతా. న్యూయార్క్‌లో పార్టీ సభ్యులుగా నమోదైనవారికే ప్రైమరీ ఓటు. 2016 ఏప్రిల్ ప్రైమరీకి పార్టీ నమోదు మార్చుకునే గడువు 2015 అక్టోబరులోనే ముగియడంతో, ఇవాంకా, ఎరిక్ ట్రంప్‌లు కన్నతండ్రికే ఓటు వేయలేకపోయారు. టెక్సస్, విస్కాన్సిన్‌లలో ఇందుకు భిన్నంగా ఓటరు నమోదులో పార్టీ ఊసే ఉండదు. ఏ ప్రైమరీలో ఓటేయాలో అప్పటికప్పుడు ఎంచుకోవచ్చు.

ప్రైమరీలను అందరికీ తెరవాలనేవారి వాదన ఒక ఊహ మీద నిలబడింది: స్వతంత్రులు మధ్యేవాదులు, వాళ్లను రానిస్తే అతివాద అభ్యర్థులు వెనకబడతారు. గాలప్ 2024 లెక్కల్లో తమను స్వతంత్రులుగా చెప్పుకున్నవారు 43 శాతం. అంకె పెద్దదే. కానీ ‘పోనీ, ఎటు మొగ్గుతారు?’ అని రెండో ప్రశ్న వేస్తే వారిలో అత్యధికులు ఏదో ఒక పార్టీ పేరు చెబుతారు, ఓటూ అటే వేస్తారు. రేమండ్ వుల్ఫింగర్ బృందం ‘ది మిత్ ఆఫ్ ది ఇండిపెండెంట్ వోటర్’ అన్న గ్రంథంలో 1992లోనే ఈ సంగతి నిరూపించింది. నిజంగా ఎటూ మొగ్గనివారు కొద్దిమంది. రాజకీయాల మీద ఆసక్తి తక్కువ కాబట్టి ప్రైమరీ దాకా వచ్చేవారు ఇంకా కొద్దిమంది. అందుకే స్వతంత్రుల ప్రభావాన్ని ప్రైమరీ పోలింగ్‌లో వెతకడం కన్నా, ప్రైమరీ వల్ల నవంబరులో జరిగే తుదిపోటీ ఎలా మారిందో చూడటం మేలని ఈ వ్యాసం ప్రతిపాదన.

కాలిఫోర్నియా 1996లో ఓటర్ల ఆమోదంతో ‘బ్లాంకెట్ ప్రైమరీ’ తెచ్చుకుంది. పార్టీల అభ్యర్థులందరూ ఒకే బ్యాలెట్‌పై ఉంటారు, ఎవరైనా ఎవరికైనా ఓటేయవచ్చు. పార్టీ అభ్యర్థిని బయటివారు ఎన్నుకోవడం ఆ పార్టీ సంఘస్వేచ్ఛకు భంగమంటూ సుప్రీంకోర్టు 2000లో దాన్ని 7-2 తేడాతో కొట్టేసింది. అయితే తీర్పు రాసిన జస్టిస్ స్కాలియా అందులోనే ఒక దారి చూపారు: ప్రైమరీ పార్టీ అభ్యర్థిని తేల్చేది కాకుండా, తుది పోటీదారులను వడకట్టేదిగా ఉంటే అభ్యంతరం ఉండదు. ఆ దారిలో వచ్చిందే టాప్-టూ. దాని పుట్టుక అంత ఆదర్శవంతమైనది కాదు. 2009 రాష్ట్ర బడ్జెట్ ప్రతిష్టంభనలో రిపబ్లికన్ రాష్ట్ర సెనేటర్ ఏబెల్ మాల్డొనాడో తన ఓటుకు బదులుగా ఈ ప్రతిపాదనను ప్రజల ముందు పెట్టించుకున్నారు. 2010 జూన్‌లో 14వ ప్రతిపాదనగా అది నెగ్గింది. అది అమల్లోకి వచ్చాక ఏ పార్టీ వారైనా సరే, మొదటి ఇద్దరే నవంబరుకు వెళతారు. అధ్యక్ష ఎన్నికకు మాత్రం ఇది వర్తించదు.

2012లోనే దీని వికటరూపం బయటపడింది. డెమోక్రాట్ల మొగ్గున్న 31వ కాంగ్రెస్ నియోజకవర్గంలో నలుగురు డెమోక్రాట్లు ఓట్లు చీల్చుకోగా గ్యారీ మిల్లర్, బాబ్ డటన్ అనే ఇద్దరు రిపబ్లికన్లు తుదిపోటీకి చేరారు. ఓట్ల చీలికే కారణమని అందరూ రాస్తారు. కానీ ఆ ఇద్దరికీ కలిపి సగానికి పైగా ఓట్లు వచ్చాయన్నది గమనించాలి. జూన్‌లో వచ్చిన ఓటర్లు, నవంబరులో ఒబామాను అక్కడ గెలిపించిన ఓటర్లు ఒకరే కారు.

అసలు విశేషం సిలికాన్ వ్యాలీలోని 17వ నియోజకవర్గంలో ఉంది. ఫ్రీమాంట్, సన్నీవేల్, కూపర్టీనోల మీదుగా సాగే ఈ ప్రాంతంలో తెలుగు కుటుంబాలూ ఎక్కువే. 2014 ప్రైమరీలో సిటింగ్ సభ్యుడు మైక్ హోండా సాటి డెమోక్రాట్ రో ఖన్నా కన్నా 20 శాతం ముందున్నారు. పాత పద్ధతిలోనైతే కథ అక్కడితో సరి. టాప్-టూ వల్ల ఇద్దరూ నవంబరులో మళ్లీ తలపడ్డారు. బరిలో తమ అభ్యర్థి లేని రిపబ్లికన్లు, ఏ పార్టీలోనూ నమోదు కానివారు ఇక ఈ ఇద్దరిలోనే ఒకరిని ఎంచుకోవాలి. ఖన్నా వాళ్లనే గట్టిగా అడిగారు. తేడా నాలుగు శాతం లోపుకు పడిపోయింది. 2016లో, హోండాపై ఎథిక్స్ విచారణ నీడ కూడా పడిన తరుణంలో, ఖన్నా 61 శాతంతో గెలిచారు. ఆయన తర్వాత బెర్నీ శాండర్స్ వైపు నిలిచిన ప్రగతివాది అయ్యారన్నది మధ్యేవాద సిద్ధాంతానికి చిక్కు ప్రశ్న.

ఇందుకు కట్టే మూల్యమూ ఉంది. 2016 సెనేట్ తుదిపోటీ కమలా హారిస్, లొరెట్టా శాంచెజ్ అనే ఇద్దరు డెమోక్రాట్ల మధ్యే జరిగింది. అధ్యక్ష స్థానానికి ఓటేసినవారికన్నా సెనేట్‌కు ఓటేసినవారు ఇంచుమించు 19 లక్షలు తక్కువ. తమవారు లేని గడిని ఖాళీగా వదిలినవారిలో రిపబ్లికన్లే ఎక్కువని అనుకోవడం సహజమే.

అధ్యక్ష ప్రైమరీలో చిక్కు మరో రకం. అక్కడ పార్టీ అనుమతి ఉంటేనే స్వతంత్రులకు ఓటు. డెమోక్రాట్లు రానిచ్చారు, రిపబ్లికన్లు రానివ్వలేదు. లాస్ ఏంజెలెస్ కౌంటీలో 2008లో అలా ఓటేయాలంటే అభ్యర్థి చుక్కతో పాటు పార్టీ చుక్కకూ సిరా పెట్టాలి. మొదటి చుక్క ఒక్కటే పెట్టినవారి ఓట్లు వేల సంఖ్యలో లెక్కకు రాక పెద్ద వివాదమైంది. చట్టం రానిచ్చిన ఓటరును బ్యాలెట్ కాగితం ఆపేసింది.

అలాస్కా 2020లో ఇద్దరికి బదులు నలుగురిని నవంబరుకు పంపి, ప్రాధాన్య క్రమంలో ఓటు వేయించే పద్ధతి ఎంచుకుంది. తమవారు లేని గడి సమస్య దానితో చాలావరకు తగ్గుతుంది. 2024 నవంబరులో దాన్ని రద్దుచేయాలన్న ప్రతిపాదన వెయ్యికన్నా తక్కువ ఓట్ల తేడాతో వీగిపోయింది. అదే రోజు కొలరాడో, నెవాడా, ఐడహో ఓటర్లు ఇలాంటి పద్ధతి మాకొద్దన్నారు.